దివ్యాంగుల తరఫున నిలబడే కేంద్రానికి ఏడాదికి ఆరు లక్షలు: ఎవరిని పెట్టుకోవాలి, డబ్బు ఎలా నిలబెట్టుకోవాలి?

అమ్మా, మీరు అడిగినది నాకు అర్థమైనంతవరకు ఇదీ. తిరుపతి, చంద్రగిరి చుట్టుపక్కల సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు ముప్పై కుటుంబాల వాళ్ళు ఒక జట్టుగా ఉన్నారు. వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం సర్టిఫికెట్లు, పింఛన్లు, స్కూలు అడ్మిషన్లు, గార్డియన్‌షిప్ లాంటి పనులకు ఆఫీసుల చుట్టూ తిరగడానికి మీకంటూ ఒక చిన్న కేంద్రం ఉండాలనుకుంటున్నారు. తెలిసిన దాత ఒకరు ఏడాదికి ఆరు లక్షలు ఇస్తామన్నారు. ఎం.ఆర్.పల్లిలో ఒకరింట్లో కింది గది ఉచితంగా దొరికింది. లాయర్‌ని జీతానికి పెట్టుకోవాలా, ప్రభుత్వ గ్రాంటు వస్తుందా, రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఆగాలా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

నేను ఈ పనిలోకి వచ్చింది వెలుగు అనే పేదరిక నిర్మూలన ప్రాజెక్టుతో. 2000లో ప్రపంచ బ్యాంకు సాయంతో ఉమ్మడి రాష్ట్రంలో ఆరు జిల్లాల్లో అది మొదలైంది. అందులో మన చిత్తూరు ఒకటి. వికలాంగులకు విడిగా పొదుపు సంఘాలు, వాటి పైన మండల సమాఖ్యలు అప్పుడే ఏర్పడ్డాయి. పోలియో కాలుతో పడమటి మండలాల్లో ఊరూరా తిరిగి సంఘాలు కట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. తర్వాత కొందరం కలిసి తిరుపతిలో మీరు అనుకుంటున్నలాంటి కేంద్రమే నడిపాం. అది మధ్యలో ఒకసారి మూతపడింది కూడా. ఎందుకు మూతపడిందో చెబితే మీ ప్రశ్నల్లో సగానికి జవాబు దొరుకుతుంది.

మొదట సూటిగా చెప్పేస్తాను. లాయర్‌ని జీతానికి పెట్టుకోవద్దు. ఆ డబ్బుతో ఇద్దరు మనుషుల్ని పెట్టుకోండి. ఆ ఇద్దరూ కనీసం మూడేళ్ళు మీ దగ్గర ఉండేలా డబ్బును సర్దుకోండి.

పుంగనూరు వైపు నుంచి ఒక రిటైర్డ్ టీచరు మా దగ్గరికి వచ్చారు. భార్య లేదు. ఇరవై ఆరేళ్ళ కొడుక్కి బుద్ధిమాంద్యం. తాను పోయాక కొడుక్కి ఫ్యామిలీ పింఛను రావాలి, దానికి గార్డియన్ సర్టిఫికెట్ కావాలన్నారు. ఆయన చెల్లెలు, అంటే ఆ అబ్బాయి మేనత్త, గార్డియన్‌గా ఉండటానికి ఒప్పుకుంది. ఇలాంటి వాటికి 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన లోకల్ లెవెల్ కమిటీ ఉంటుంది. మా కార్యకర్త నాలుగు నెలలు తిరిగి కాగితాలన్నీ ఒకచోటికి చేర్చింది. ఈలోగా మార్చి 31 వచ్చింది. మాకు డబ్బిచ్చే సంస్థ ప్రాజెక్టు ఆ రోజుతో ముగిసింది. పొడిగింపు ఉత్తరం వస్తుంది వస్తుంది అంటూనే రెండు నెలలు జీతం రాలేదు. ఆ అమ్మాయి ఇల్లు గడవక శ్రీసిటీలో ఉద్యోగానికి వెళ్ళిపోయింది. తప్పు ఆమెది కాదు. జూన్‌లో వేరే అబ్బాయి చేరాడు. ఫైల్లో మేనత్త సమ్మతి పత్రం లేదు. కమిటీ విచారణ తేదీ వెళ్ళిపోయిన అమ్మాయి సొంత ఫోన్‌కి వచ్చింది. ఆమె ఎవరికో చెప్పింది, ఆ కబురు మాదాకా రాలేదు. ఆ దీపావళికి ముందే టీచరుగారు చనిపోయారు. సర్టిఫికెట్ చివరికి వచ్చింది, కానీ ఆ మేనత్త ఏడాదికి పైగా అప్పు చేసి ఆ అబ్బాయికి అన్నం పెట్టింది. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అది నాకు ఇప్పటికీ బాధ.

ఈ పనిలో కేసు వయసు ప్రాజెక్టు వయసు కన్నా ఎక్కువ. సదరంలో శాతం తక్కువ వేశారని అప్పీలు చేస్తే నెలలు పడుతుంది. గార్డియన్‌షిప్‌కీ అంతే. స్కూలు చేర్చుకోలేదని దివ్యాంగుల రాష్ట్ర కమిషనర్‌కి ఫిర్యాదు చేస్తే అది తేలేసరికి ఒక విద్యా సంవత్సరం అయిపోవచ్చు. డబ్బు మాత్రం ఏప్రిల్ నుంచి మార్చి వరకే వస్తుంది. ఈ రెండింటి మధ్య ఖాళీలోనే మన పిల్లలు నష్టపోతారు. కాబట్టి దాత దగ్గర, కంపెనీ దగ్గర, మీలో మీరు కూర్చున్నప్పుడు, ఎక్కడ మాట్లాడినా ఈ ఖాళీని పూడ్చే మాటే మాట్లాడండి.

ఇక లాయర్ సంగతి. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టంలో 12వ సెక్షన్ ప్రకారం దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి. దరఖాస్తు చేస్తే ప్యానల్ లాయర్‌ని వాళ్ళే ఇస్తారు, ఫీజు వాళ్ళే కడతారు. చిత్తూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, కోర్టులున్న ఊళ్ళలో మండల కమిటీలు ఉన్నాయి. 15100 నంబరుకి ఫోన్ చేసినా దారి చెబుతారు. ఇది మనకు ఇప్పటికే ఉన్న ఆస్తి. దీన్ని వదిలేసి ఆరు లక్షల్లో సగం ఒక లాయర్ జీతానికి పెడితే, ఆయన కూడా రెండో ఏడాది ప్రాక్టీసు చూసుకుంటాననే వెళ్తారు.

పైగా మన పనుల్లో నూటికి ఎనభై కోర్టు గుమ్మం దాకా వెళ్ళవు. సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్ దగ్గర, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, సంక్షేమ శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) ఆఫీసులో, బ్యాంకు కౌంటర్లో తేలాలి. అక్కడ కావలసింది ఓపిగ్గా మళ్ళీ మళ్ళీ వెళ్ళే మనిషి. వెళ్ళినప్పుడల్లా రసీదు తీసుకుని, ఎవరు ఏమన్నారో తేదీతో రాసుకునే మనిషి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 23వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థలో ఫిర్యాదులు చూసే అధికారి ఒకరుండాలి. అక్కడ తేలకపోతే రాష్ట్ర కమిషనర్ ఉన్నారు, పిలిపించి విచారించడానికి ఆయనకు సివిల్ కోర్టు అధికారాలున్నాయి. ఇవన్నీ లాయర్ లేకుండానే మనం తట్టగల తలుపులు. ఫైలు సరిగ్గా ఉంటే ప్యానల్ లాయర్‌కి కూడా పని తేలిక. ఫైలు లేకుండా తల్లి ఏడుస్తూ వెళితే ఎంత మంచి లాయరైనా ఏం చేయగలరు?

మరి ఎవరిని పెట్టుకోవాలి? మొదటి మనిషి దివ్యాంగుడో దివ్యాంగురాలో అయి ఉండాలి. ఇది దయతో చెబుతున్న మాట కాదు. సదరం క్యాంపులో మెట్ల దగ్గర ఆగిపోయిన అనుభవం ఉన్నవాళ్ళకు ఎదుటి మనిషి చెప్పకుండా వదిలేసిన మాట కూడా వినబడుతుంది. డిగ్రీ ఉంటే మంచిదే, లేకపోయినా అర్జీ రాయడం రావాలి. రెండో మనిషిగా మీలోంచే ఒక తల్లిని తీసుకోండి. తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ చదివే పిల్లలు ఫీల్డ్ వర్క్‌కి వస్తారు, వాళ్ళను కలుపుకోండి. కానీ కేసు పెత్తనం వాళ్ళ మీద వేయకండి, సెమిస్టర్ అయిపోగానే వెళ్ళిపోతారు.

ఇద్దరిలో ఒక్కరికైనా తమిళం రావాలి. నగరి, సత్యవేడు, కుప్పం వైపు ఇళ్ళలో తమిళమే మాట్లాడేవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలియనిది కాదు. ఒక ముసలమ్మ తెలుగులో అన్నిటికీ "సరే" అని తలూపింది, మేం అన్నీ అర్థమయ్యాయనుకున్నాం. తమిళం వచ్చిన మా అమ్మాయి పక్కన కూర్చుని అడిగితే అప్పుడు బయటపడింది, మనవరాలి పింఛను ఆరు నెలలుగా వేరే వాళ్ళు తీసుకుంటున్నారని.

సైన్ భాష సంగతి వేరుగా చూడాలి. దానికి మూడో ఉద్యోగిని పెట్టుకోలేరు, అవసరమైన రోజుకి పిలిచి రోజు లెక్కన ఇవ్వండి. మూగ, చెవిటి పిల్లల మీద లైంగిక దాడి కేసులు వస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం నిబంధనల ప్రకారం ప్రతి జిల్లాలో బాలల సంరక్షణ విభాగం దగ్గర ఇంటర్‌ప్రెటర్లు, స్పెషల్ ఎడ్యుకేటర్ల జాబితా ఉండాలి, వాళ్ళకు ఇచ్చే డబ్బు కూడా ప్రభుత్వమే ఇవ్వాలి. పోలీస్ స్టేషన్లో "మీరే ఎవరినైనా తెచ్చుకోండి" అంటే ఆ మాట గట్టిగా చెప్పండి. తెలిసినవాళ్ళనో చుట్టాలనో కూర్చోబెట్టి వాంగ్మూలం రాయించవద్దు. నేరం చేసినవాడు ఆ చుట్టాల్లోనే ఉండొచ్చు.

ఆరు లక్షల లెక్క నేనైతే ఇలా వేస్తాను. ఒకరికి నెలకు 17,000, ఇంకొకరికి 15,000. ఏడాదికి 3,84,000. తిరుగుడు ఖర్చుకి 60,000. దీన్ని తగ్గించకండి. మూడు చక్రాల స్కూటీకి పెట్రోలు, వర్షమొస్తే ఆటో, చిత్తూరు వెళ్ళాల్సి వస్తే తోడుగా ఇంకొకరి చార్జీ, ఇవన్నీ అందులోనే. కుప్పం నుంచి చిత్తూరు నూరు కిలోమీటర్ల పైమాటే, ఒక్క సంతకం కోసం ఒక రోజంతా పోతుంది. ఇంటర్‌ప్రెటర్లకు 36,000. ఆడిట్, జిరాక్సులు, ఫోను కలిపి 24,000. మిగిలేది 96,000. అది సరిగ్గా ఇద్దరి మూడు నెలల జీతం. దాన్ని మొదటి రోజే వేరే ఖాతాలో వేసి, దాత డబ్బు ఆగిన నెలలో తప్ప ముట్టుకోకూడదని తీర్మానం రాసుకోండి. మా దగ్గర ఆ మూడు నెలల డబ్బు ఉండి ఉంటే ఆ టీచరుగారి కొడుకు ఫైలు చేతులు మారేది కాదు.

"ఇంత జీతాలా, సేవ అన్నారు కదా" అని మీలోనే కొందరు అడుగుతారు. అడగనివ్వండి. జీతం లేని మనిషి ఆరు నెలలు తిరుగుతారు, తర్వాత పెళ్ళో ఉద్యోగమో వస్తుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. చేతిలో డబ్బు లేని కార్యకర్త దగ్గరికి సదరం క్యాంపుల దగ్గర తిరిగే దళారులు తప్పకుండా వస్తారు. మనవాళ్ళు ఏ కుటుంబం దగ్గరా పైసా తీసుకోకూడదంటే, ఒకటో తేదీన జీతం వాళ్ళ ఖాతాలో పడాలి.

ఫోను సిమ్ కేంద్రం పేరు మీదే ఉండాలి, ప్రతి అర్జీ మీదా ఆ నంబరే రాయాలి. ప్రతి ఫైలు పైన ఒక పేజీ పెట్టండి: ఏ తేదీన ఎవరిని కలిశారు, ఏమన్నారు, మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలి. ఒక్కొక్కరి చేతిలో 25 నడుస్తున్న ఫైళ్ళకు మించి ఉంచకండి. వారానికొకసారి ఇద్దరూ కూర్చుని ఒకరి ఫైళ్ళు ఒకరు చదవాలి. ఒకరు సెలవు పెట్టినా వెళ్ళిపోయినా పని ఆగదు. ఇంకో సంగతి, లైంగిక దాడి కేసు విన్న రోజు వాళ్ళు ఇంటికి వెళ్ళి నిద్రపోలేరు. మరుసటి రోజు సెలవివ్వండి, ఎవరైనా పెద్దవాళ్ళు కూర్చుని మాట్లాడండి. మా దగ్గర ఒక అమ్మాయి ఈ టెన్షన్ తట్టుకోలేకే మానేసింది, అది మేం ఆలస్యంగా తెలుసుకున్నాం.

ప్రభుత్వ గ్రాంటు గురించి అడిగారు. కేంద్ర ప్రభుత్వం నుంచి దీనదయాళ్ దివ్యాంగజన్ పునరావాస పథకం ఉంది. ఆమోదించిన ఖర్చులో 90 శాతం దాకా ఇస్తారు, సిబ్బంది గౌరవ వేతనాలు కూడా అందులో ఉంటాయి. కానీ అది స్పెషల్ స్కూళ్ళు, థెరపీ, పునరావాసం లాంటి సేవలకు. కొత్త సంఘానికి వెంటనే రాదు, వచ్చినా డబ్బు చేతికందేది ఆలస్యంగానే. మీ పనికి దాన్ని నమ్ముకోవద్దని నా సలహా.

ఇంకా పెద్ద కారణం ఒకటుంది. మీరు ఎవరి మీద ఫిర్యాదు రాయాల్సి వస్తుందో వాళ్ళ సంతకంతోనే మీ జీతాలు వస్తుంటే, పెన్ను కదలదు. నేను చూశాను. స్కూలు నడిపే మంచి సంస్థలే, గ్రాంటు సిఫారసు చేసే ఆఫీసు మీద అర్జీ అనేసరికి "ఇంకో నెల చూద్దాం" అంటాయి. వాళ్ళను తప్పుపట్టను, వాళ్ళ చేతిలో అరవై మంది పిల్లల భోజనం ఉంది. అమెరికాలో ఈ చిక్కును చట్టంతోనే విప్పారు. 1972లో న్యూయార్క్‌లోని విల్లోబ్రూక్ అనే ప్రభుత్వ సంస్థలో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల్ని ఎంత ఘోరంగా ఉంచారో టీవీలో చూపించాక దేశం కదిలింది. 1975లో వచ్చిన చట్టం ప్రతి రాష్ట్రంలో దివ్యాంగుల తరఫున నిలబడే వ్యవస్థ ఒకటి ఉండాలంది. సేవలు ఇచ్చే సంస్థలతో దానికి సంబంధం ఉండకూడదంది. డబ్బు ఫెడరల్ ప్రభుత్వం ఇస్తుంది. మన 2016 చట్టం హక్కులిచ్చింది, కమిషనర్‌నిచ్చింది, రాష్ట్రాలు ఒక నిధి పెట్టాలని 88వ సెక్షన్‌లో రాసింది. మన తరఫున ఆఫీసు మెట్లెక్కే మనిషికి జీతం ఎవరివ్వాలో మాత్రం రాయలేదు. అది రాయించుకునే దాకా మనమే చూసుకోవాలి.

విదేశీ విరాళాల జోలికి ఇప్పుడు పోకండి. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు, పెద్ద సంస్థ తీసుకున్న డబ్బును చిన్న సంస్థకు పంచడం కూడా కుదరదు.

సంఘం రిజిస్టరై మూడేళ్ళు పనిచేశాక మీకు పనికొచ్చేది కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టే సీఎస్ఆర్ డబ్బు. కంపెనీలున్న శ్రీసిటీ మనకు దగ్గరే. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ కిందికి వచ్చే కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. వాళ్ళకు వీల్‌చైర్లు పంచడం ఇష్టం, ఫోటో వస్తుంది. జీతాలకు అడిగితే "అడ్మిన్ ఖర్చు 5 శాతమే" అంటారు. ఆ మాటకు వెనక్కి తగ్గకండి. నిబంధనల్లో ఉన్న ఆ 5 శాతం కంపెనీ తన సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకునే ఖర్చుకి. ప్రాజెక్టులో నేరుగా పనిచేసే మీ కార్యకర్త జీతం ప్రాజెక్టు ఖర్చు. అదే నిబంధనల్లో కొనసాగే ప్రాజెక్టు అని ఒకటుంది. మొదలుపెట్టిన ఆర్థిక సంవత్సరం కాక ఇంకో మూడేళ్ళ దాకా నడపొచ్చు. మీరు అడగాల్సింది ఆ పేరుతోనే. ఒక్క ఏడాదికి మాత్రం పది లక్షలిస్తామన్నా సరే, మూడేళ్ళ పాటు ఏటా నాలుగేసి లక్షలు ఇవ్వండి చాలు అని అడగండి.

కంపెనీ వాళ్ళు ఫలితం ఏంటని అడిగితే లెక్క చెప్పండి. 2024 నుంచి మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను నెలకు 6,000. అంటే ఏడాదికి 72,000. మీ ఇద్దరు కార్యకర్తలు ఏడాదిలో పది మందికి ఆగిపోయిన పింఛను తెప్పిస్తే 7,20,000 ఆ ఇళ్ళకు చేరుతుంది, అదీ ప్రతి ఏడాదీ. మీ కేంద్రం ఖర్చు కన్నా అది ఎక్కువ. 2025లో పింఛన్లు మళ్ళీ పరిశీలించి నోటీసులు ఇచ్చినప్పుడు, అప్పీలు ఎలా చేసుకోవాలో తెలియక కాగితం చేతిలో పట్టుకుని నిలబడినవాళ్ళను మీరూ చూసే ఉంటారు. వాళ్ళ గురించి చెప్పండి, కానీ వాళ్ళ ఫోటోలు ఇవ్వకండి. ఏ దాతకైనా సరే, పేర్లు, కేసు కాగితాలు చూపించకూడదు. దాని మీద బేరం వద్దు.

మీ ముప్పై కుటుంబాలూ నెలకు యాభై రూపాయలైనా కట్టండి. ఏడాదికి 18,000. ఆడిట్ ఖర్చుకి సరిపోతుంది. వెలుగు రోజుల్లో ప్రాజెక్టు డబ్బు తగ్గాక కూడా నిలబడ్డ సమాఖ్యలు నేను చూసినంతలో సభ్యులు పొదుపు ఆపనివే. కట్టేవాళ్ళు లెక్క అడుగుతారు, లెక్క అడిగే సంఘం ఒక నాయకుడి చేతిలోకి పోదు. కట్టలేని ఇల్లుంటే ఒత్తిడి చేయకండి.

రిజిస్ట్రేషన్ 2001 సొసైటీల చట్టం కింద చేయించండి. కమిటీలో సగం మందికి పైగా దివ్యాంగులు, వాళ్ళ అమ్మానాన్నలు ఉండాలని సంఘం నియమాల్లో, అంటే బైలాస్‌లోనే రాయండి, తర్వాత మార్చడం కష్టం. దాత పన్ను మినహాయింపు అడిగితే 80జీ, కంపెనీ డబ్బుకి సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ కావాలి, ఆడిటర్‌తో ఒకేసారి మాట్లాడుకోండి.

అయితే పని మొదలుపెట్టడానికి ఇవేవీ అక్కర్లేదు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వడానికి సంఘం రిజిస్టరై ఉండాలని ఎవరూ అడగరు. మీ ముప్పైలో ఇప్పుడు ఎక్కువ ఇబ్బందిలో ఉన్న రెండు ఇళ్ళను ఎంచుకోండి. ఆధార్, సదరం సర్టిఫికెట్, పాత రసీదులు రెండేసి జిరాక్సులు తీయించండి. తల్లితో పాటు మీలో ఇంకొకరు వెళ్ళండి. అర్జీ మీద కేంద్రం ఫోను నంబరు రాయండి. రసీదు లేకుండా బయటికి రావద్దు. ఆ రెండు ఫైళ్ళు తీసుకుని దాత దగ్గరికి వెళ్ళి కూర్చోండి, మూడేళ్ళ మాట అప్పుడు అడగండి.